ఆఖరికి నోట్లె నీళ్ళు ఎవరు పోశిండ్రు?



పోయిన భాగంలో సంస్థానాల కాలపు వెట్టి గురించి రాశాను. ఊర్లో ఎవరు చచ్చినా చావు కబురు మోసింది మనవాళ్ళే, డప్పు కొట్టింది మనవాళ్ళే, బొంద తీసింది మనవాళ్ళే అని చెప్పాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చాలామంది తమ తాతల సంగతులు రాసి పంపారు. ఈ భాగం అక్కడి నుంచే మొదలు. ఊరందరి చావుకు తోడున్నవాడి చావుకు తోడెవరు? అదీ తాళం వేసిన వార్డులో చస్తే?

మా వాడలో ఒక పెద్దనాయన ఉండేవాడు. మేస్త్రి వెంట వేరే రాష్ట్రానికి మట్టి పనికి పోయాడు. అక్కడ మతి చెదిరింది. రోడ్ల మీద తిరుగుతుంటే పోలీసులు పట్టుకొని పిచ్చి దవాఖానలో వేశారు. చాలా ఏండ్లకు చావు కబురు వచ్చింది. ఈసారి మోసుకొచ్చింది కానిస్టేబుల్. పెద్దమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది: "ఆఖరికి నోట్లె నీళ్ళు ఎవరు పోశిండ్రు సారూ?"

ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత వచ్చిన కాగితాలు నేనే చదివి చెప్పాను. కడుపులో గడ్డ. నొప్పి అని రాత్రుళ్ళు అరిచాడని రాసి ఉంది. దాని పక్కనే 'అల్లరి చేస్తున్నాడు' అని రాసి నిద్రమందు ఇచ్చారు. ఆ దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. అట్లాంటి కాగితం ఎందుకు తయారవుతుందో తెలియాలి. అందుకు రెండు చరిత్రలు చూడాలి.

మొదటిది తాళం చరిత్ర. 1858లో కంపెనీ పాలన పిచ్చివాళ్ళ కోసం చట్టం చేసింది. దాని తర్వాత వచ్చిందే 1912 ఇండియన్ లునసీ చట్టం. మతి తప్పి తిరుగుతున్నాడు అనిపిస్తే పోలీసు పట్టుకొని మేజిస్ట్రేట్ ముందు పెట్టవచ్చు. 'తిరుగుతున్నవాడు' అనే మాట మీద నిలబడి ఆలోచించండి. పాలమూరు లేబర్ అంటేనే తిరిగే బతుకు. ఇల్లున్నవాడికి మతి చెదిరితే ఇంట్లో రోగి. ఊరు విడిచిన కూలికి చెదిరితే పోలీసు కేసు. మన దగ్గర నిజాం కాలంలో పిచ్చి దవాఖాన జాల్నాలో ఉండేది. 1953లో హైదరాబాద్ ఎర్రగడ్డకు వచ్చింది. గద్వాల నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ఒక రోజు కూలి పోగొట్టుకొని, బస్సు కిరాయి పెట్టుకొని పోవాలి. అందుకే మన ఊళ్ళలో ఎర్రగడ్డ అంటే తిట్టు అయింది కానీ వైద్యం కాలేదు.

లోపల ఎంత కాలం ఉంచారో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. మచాంగ్ లాలుంగ్. అస్సాం ఆదివాసీ. 1951లో అరెస్టు చేశారు. విచారణ జరగలేదు. తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో ఇతను బాగున్నాడని డాక్టర్లు రాశారు. అయినా బయటికి రాలేదు. 2005లో ఒక్క రూపాయి పూచీ మీద విడుదలయ్యాడు. 54 ఏండ్లు. బయట రెండేండ్లు బతికి 2007లో పోయాడు. కనీసం సొంత ఊర్లో పోయాడు.

1993లో షీలా బర్సే కేసులో, నేరం చేయని మానసిక రోగుల్ని జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. 1995లో గువాహటి దవాఖానలో ఏడుగురు ఖైదీ రోగులకు బేడీలు వేసి, తాళ్ళతో కట్టేసిన సంగతి కులదీప్ నయ్యర్ లేఖతో కోర్టుకు చేరింది. కోర్టు తప్పు పట్టింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు లేచి పరుగెత్తలేక కాలిపోయారు.

రెండో చరిత్ర నొప్పిది. 1967లో సిసిలీ సాండర్స్ లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. రోగం నయం కానప్పుడు కూడా చేయాల్సిన వైద్యం ఉంది అన్నది ఆమె మాట. దాన్నే పాలియేటివ్ కేర్ అంటున్నాం. నొప్పికి నోటి ద్వారా మార్ఫిన్, దానితో వచ్చే మలబద్ధకానికి మందు, పుండ్లు పడకుండా పక్క మార్చడం, ఎండిన నోరు తడపడం, మనిషిని పేరు పెట్టి పిలవడం. 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, ఆయన మిత్రులు ఈ పని మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఆ పని చేస్తోంది. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ ఉంచుకోవడమే భయమైంది. 2014 సవరణ ఆ ముడి కొంత విప్పింది.

ఈ రెండు చరిత్రలు మన దేశంలో కలుసుకోలేదు. తాళం ఉన్నచోట నొప్పి వైద్యం లేదు, నొప్పి వైద్యం ఉన్నచోటికి తాళంలో ఉన్నవాడు చేరడు. ఎందుకో చూడండి. భద్రతా వార్డులో ట్యూబు ఉరితాడు కావచ్చని భయం. సూది ఆయుధం కావచ్చని భయం. మార్ఫిన్ దొంగతనం అవుతుందని భయం. ఎస్కార్ట్ పోలీసు దొరకనిదే పెద్ద దవాఖానకు తరలించరు. అన్నిటికన్నా పెద్దది, మతి చెదిరినవాడు నొప్పి అంటే నమ్మకపోవడం. దళితుడి మాటను ఊరు నమ్మనట్టే. ఒకే మనిషి రెండూ అయితే అతని నొప్పికి సాక్షి ఎవరు?

సాధ్యం కాదనేవాళ్ళకు ఒక మాట. అమెరికాలో లూసియానా రాష్ట్రం అంగోలా జైలు ఒకప్పటి బానిసల తోట మీద కట్టింది. ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్ళు. అక్కడ 1998లో హాస్పిస్ పెట్టారు. చనిపోయే ఖైదీ పక్కన రాత్రంతా కూర్చునేది శిక్షణ పొందిన తోటి ఖైదీలే. అంత కరుకు జైల్లో సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

మన ప్రొఫెసర్ సాయిబాబా సంగతి మీకు తెలుసు. 90 శాతం వైకల్యంతో నాగపూర్ జైల్లో ఉన్నాడు. 2020 ఆగస్టులో హైదరాబాద్‌లో తల్లి క్యాన్సర్‌తో పోతుంటే చూడటానికి పెరోల్ ఇవ్వలేదు. 2024 మార్చిలో నిర్దోషి అన్నారు. అక్టోబర్‌లో నిమ్స్‌లో కన్నుమూశాడు. దేశానికి తెలిసిన మనిషికే ఇట్లా అయితే, పేరు లేని మట్టి కూలికి?

దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం. జైళ్ళలో సుమారు ఐదో వంతు. కాబట్టి ఇది ఎక్కడో ఉన్నవాళ్ళ సమస్య కాదు.

చట్టం మన చేతిలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం మానసిక రోగికి మిగతా రోగులతో సమానంగా అన్ని వైద్యాలూ అందాలి. నొప్పి వైద్యం కూడా అందులోదే. 103వ సెక్షన్ ఖైదీలకు వర్తిస్తుంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పులో గౌరవంగా చనిపోవడం 21వ అధికరణంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది.

వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. గద్వాలలో 2024లో వచ్చింది. అక్కడ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ వ్యాసం చదువుతున్నారని తెలుసు. మీ దవాఖానకు మార్ఫిన్ ఉంచుకునే అనుమతి ఉందో లేదో కనుక్కోండి. ఖైదీ రోగి వస్తే నొప్పి ఎంతుందని ఎవరు అడుగుతున్నారో చూడండి. లా చదివేవాళ్ళు మహబూబ్‌నగర్ జిల్లా జైల్లో నయం కాని రోగులు ఎందరున్నారో సమాచార హక్కు కింద అడగండి. బెయిల్ ఇవ్వని కేసుల్లో కూడా రోగికి మినహాయింపు ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్ చదవండి. న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కండి.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఇంట్లో పోయింది. మేం చుట్టూ ఉన్నాం, నీళ్ళు నేనే పోశాను. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు బాకీ ఉంది.

వచ్చే భాగంలో వలస కూలీల శవాలు ఊరికి ఎట్లా వచ్చేవో రాస్తాను. మీ ఇండ్లలో అట్లాంటి కాగితాలుంటే పారేయకండి. చదివి, దాచిపెట్టండి.

జై భీమ్.