ఒద్రొవొంష్: ఒక పోలిష్ వంశనామ చరిత్రము

వంశనామమునకు గౌరవ మెచ్చటినుండి వచ్చును? పూర్వికుల పరాక్రమగాథలనుండియా, లేక వారు లోకమునకు జేసిన మేలునుండియా? ఈ ప్రశ్నకు పోలండుదేశ చరిత్రయందలి ‘ఒద్రొవొంష్’ అను పదము చక్కని యుత్తర మొసగుచున్నది.

పోలిష్ ప్రభువర్గమువారు తమ వంశచిహ్నమును ‘హెర్బ్’ అందురు. అచ్చట రక్తసంబంధము లేని పెక్కు కుటుంబములు సైత మొకే చిహ్నమును, దాని పేరును ధరించుచుండెడివి. మనలో వేర్వేఱు ఇంటిపేళ్లవా రొకే గోత్రమువా రగుటను దలంచినచో ఈ యేర్పాటు కొంత బోధపడును. ఒద్రొవొంష్ చిహ్నము ఎఱ్ఱని డాలుపై నిలిచిన తెల్లని బాణము. దాని యడుగుభాగము రెండుగా జీలి, ఇరువైపుల వంగి, మీసమువలె గన్పట్టును. పోలిష్ భాషలో ‘వొంస్’ అనగా మీసము. ఒక యోధుడు శత్రువు మీసమును బెఱికి బాణమున గ్రుచ్చి తెచ్చినందున ఈ పేరు గలిగెనని ఐతిహ్యము. ఇది వినుట కింపైన కథయే గాని చరిత్ర గాదు.

ఈ చిహ్నమువారిలో షిద్వోవియెత్స్ పట్టణమును బట్టి ఇంటిపేరు గొన్న షిద్వోవియెత్స్కీలు ప్రసిద్ధులు. వారిలో క్షిష్తోఫ్ 1515 మొదలు 1532 వఱకు రాజ్యమున మహామంత్రిగా నుండెను. మఱికొన్ని కుటుంబములు చిహ్ననామమునే తమ ఇంటిపేరునకు ముందు జేర్చుకొనినవి.

అయినను ఈ పేరును చిరస్థాయిగా నిలిపినవారు మతాచార్యులు. ఈవో ఒద్రొవొంష్ 1218లో క్రాకోవు బిషప్పయ్యెను. 1220లో రోగులకై ప్రోంద్నిక్ గ్రామమున వైద్యశాలను నెలకొల్పెను. 1222లో దోమినికను సన్యాసులను క్రాకోవునకు రప్పించి స్థానమిచ్చెను. ఆ సన్యాసులలో ముఖ్యుడు యాట్సెక్. అతడు నీ వంశజుడే యని సంప్రదాయము. 1257లో మృతుడైన యాట్సెకును 1594లో పోపు ఎనిమిదవ క్లెమెంటు పునీతునిగా బ్రకటించెను. అదే వంశపు బిషప్పు ప్రాందోత పై వైద్యశాలను 1244లో క్రాకోవు నగరమునకు మార్చెను.

1921 మార్చి 17వ తేదీని పోలండు రాజ్యాంగము వంశాధికారములను, చిహ్నములను, బిరుదములను గుర్తింపనని శాసించెను. శాసనముతో బాణము విలువ పోయినది. ఈవో రప్పించిన సన్యాసుల మఠము మాత్రము క్రాకోవున నేటికిని నిలిచియున్నది. యాట్సెకు సమాధియు నచ్చటనే కలదు. సోదరులారా! చిహ్నము పేరును జాటును. పేరును నిలుపునది పరోపకారమే.