యజమాని లేని రచ్చబండ

పల్లెలో రచ్చబండ ఎవరిదని అడిగితే నవ్వుతారు. ఆ చెట్టు నీడ ఊరందరిదీ! అమెరికాలో చదువుకునే తెలుగువాళ్ళకూ ఒకప్పుడు అటువంటి రచ్చబండ ఒకటి ఉండేది, కంప్యూటర్ల మీద.

1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తలపెట్టిన యూజ్‌నెట్ మరుసటి ఏడు నడక మొదలుపెట్టింది. దానికి కేంద్ర కార్యాలయమంటూ లేదు. ఒక యూనివర్సిటీ కంప్యూటరులో రాసిన ఉత్తరం పక్కదానికి, అక్కడినుంచి ఇంకోదానికి నకలుగా చేరేది. ఒక కంప్యూటరు మూలపడినా గోష్ఠి ఆగేది కాదు. 1990ల మొదట్లో అక్కడే ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ వెలిసింది. అప్పట్లో అటువంటి కొత్త గుంపు పుట్టాలంటే ఈ-మెయిలు ద్వారా ఓటింగు జరగవలసి ఉండేది. వద్దన్నవాళ్ళకంటే కావాలన్నవాళ్ళు కనీసం 100 మంది ఎక్కువ ఉండాలి, మొత్తం ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి అన్నది అప్పటి నియమం. (మన సంఘం ఎన్నికలకు అంత జనం వస్తే ఎంత బాగుండును!)

తెర మీద తెలుగు లిపి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవారు: చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. నేను 2003లో ఈ దేశం వచ్చేనాటికి ఆ గుంపు పలచబడింది గానీ, ఆ టైపింగు అలవాటు నా వేళ్ళకూ అంటింది.

యజమాని లేకపోవడంలో కష్టమూ ఉంది. వ్యాపార ప్రకటనలు వచ్చి పడుతుంటే ఊడ్చే నాథుడు లేడు. విసిగినవాళ్ళు చాలామంది యాహూ గ్రూపులకు మారారు. అవి ఉచితం, అదుపు చేయడానికి ఒక మోడరేటరూ ఉండేవాడు. స్థలం మాత్రం కంపెనీది. 2019లో పాత ఉత్తరాలన్నీ తొలగిస్తామన్నారు, 2020 డిసెంబరు 15న తలుపులే మూశారు. జియోసిటీస్ 2009లోనే, ఆర్కుట్ 2014లో పోయాయి.

చిత్రమేమిటంటే, యజమాని లేని యూజ్‌నెట్ పాత ఉత్తరాలను భద్రపరచినదీ కంపెనీలే. జాగా చాలక సర్వర్లు పాతవాటిని చెరిపేసేవి. 1995లో మొదలైన డేజా న్యూస్ వాటిని దాచింది, 2001లో ఆ నిధిని గూగుల్ కొన్నది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ కొత్త ఉత్తరాలు తీసుకోవడం మాని, పాతవి మాత్రం ఉంచింది. అది కూడా వారి దయే కదా! నకళ్ళు ఎన్ని తిరిగినా, దాచే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవలసిందే.

2016లో వచ్చిన మాస్టొడాన్‌లో మళ్ళీ ఆ పాత పోలిక కనిపిస్తుంది. ఎవరి సర్వరు వారిది, సర్వర్ల మధ్య మాటలు నడుస్తాయి. మన సంఘం ముచ్చట్లన్నీ ప్రస్తుతం వాట్సాప్‌లో ఉన్నాయి. సర్వర్లు నడపడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళం మన సభ్యుల్లో కొందరమున్నాం. రాబోయే కార్యవర్గం సరేనంటే, మొదటి ఏడాది ఆ పని నేను చూస్తాను.