విలియమ్‌స్టౌన్‌లో ఒక సహోదర గృహం

మన సంఘచరిత్ర తరగతులలో విలియమ్‌స్టౌన్ అనగానే గడ్డివాము ప్రార్థన గుర్తుకు వస్తుంది. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఆ చిన్న ఊరిలో, 1806లో విలియమ్స్ కళాశాల విద్యార్థులు ఐదుగురు ఉరుముల వానకు గడ్డివాము చాటున చేరి ఆసియా ఖండం కొరకు ప్రార్థించారు. వారిలో ఒకడైన శామ్యూల్ మిల్స్ 1808లో మిత్రులతో కలిసి ‘సహోదరులు’ అనే రహస్య సమాజాన్ని స్థాపించాడు. దాని నియమావళిని సంకేతలిపిలో వ్రాసుకొన్నారు. ఆ ప్రేరణలోనుండే 1810లో అమెరికన్ బోర్డు పుట్టింది. బోర్డు 1812లో పంపిన జడ్సన్ బాప్తిస్టు అయ్యాడు. అతని వెనుక నిలిచిన అమెరికన్ బాప్తిస్టులే 1836లో తెలుగువారి మధ్య పరిచర్య ఆరంభించారు.

అదే కళాశాలలో మరొక విధమైన సహోదరత్వం కూడ పెరిగింది. 1833 నుండి అక్కడ ఫ్రెటర్నిటీలు, అనగా సభ్యులే సభ్యులను ఎన్నుకొనే విద్యార్థి సంఘాలు వెలిశాయి. ఆ రహస్య సంఘాలకు ఎదురుగా 1834లో ఒక సంఘం లేచింది గాని, కాలక్రమాన అదీ ఒక ఫ్రెటర్నిటీయే అయింది! డెల్టా సై సంఘానికి 1880లలో ప్రఖ్యాత వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ రూపొందించిన భవనమే సెయింట్ ఆంథొనీ హాల్. పేరు పరిశుద్ధునిదే గాని అది మఠం కాదు. ఎన్నిక కాని విద్యార్థి వారితోపాటు ఒకే తరగతిలో కూర్చుని, ఒకే చాపెల్‌లో కీర్తనలు పాడినా, భోజనవేళకు వారి బల్ల యొద్ద అతనికి చోటు లేదు.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఒంగోలులో క్లౌ దొర మాదిగ విశ్వాసులను చేర్చుకొన్నప్పుడు, పైకులాలవారు తమ పిల్లలను మిషను బడి మాన్పించారు. క్లౌ వారిని బ్రతిమాలి వెనుకకు తెచ్చుకొనేందుకు మాదిగలను వదులుకోలేదు.

విలియమ్స్ కళాశాలకు ఆ నిర్ణయం 1962 వరకు పట్టింది. ఆ ఏట ధర్మకర్తలు ఆంజెవైన్ కమిటీ సిఫారసును అంగీకరించి, విద్యార్థుల వసతిని, భోజనాన్ని ఫ్రెటర్నిటీల చేతిలోనుండి కళాశాల చేతికి తీసికొన్నారు. పూర్వవిద్యార్థులు పలువురు ఆగ్రహించారు. చందాలిచ్చి పోషించిన ఇల్లు గదా! ఇట్టి మార్పు ప్రసంగంతో కాక భోజనశాల ఏర్పాటుతో రావడమే మాకు గమనార్హంగా తోస్తున్నది.

సెయింట్ ఆంథొనీ హాల్ తరువాత, 1960లో ఆరంభమైన అభివృద్ధి ఆర్థికశాస్త్ర కేంద్రానికి నిలయమైంది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల ప్రభుత్వోద్యోగులు ఒక సంవత్సరపు చదువుకై ఈ కేంద్రానికి వస్తారు. మిల్స్ మిత్రులు ఏ ఖండం కొరకు ప్రార్థించారో, ఆ ఖండపువారు ఇప్పుడు ఆ ఇంటిలో చదువుకొంటున్నారు.