బందరు బాటపై ఆలుమగలు

ఈ దినములలో కొందరు దంపతులు పడకయు, పొయ్యియు, నీళ్ళతొట్టియు అమర్చిన మోటారు బండి నెక్కి, తమకు తెలియని దేశములలో నెలల తరబడి తిరుగుచున్నారు. వారికి బండియే ఇల్లు. ప్రొద్దు గ్రుంకిన చోటే మజిలీ. ఈ మాట వినినప్పుడు ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన వింత యని మన మనుకొందుము. కాని నందిగామ, జగ్గయ్యపేటల నడుమ రోడ్డు ప్రక్కన నిలిచి వెనుకటి కాలమును తలచుకొన్నచో, బండిని ఇల్లుగా చేసికొన్న ఆలుమగలు ఈ బాటకు క్రొత్తవారు కారని తెలియును. నేటి ప్రయాణపు కథను భార్యాభర్తలిద్దరును చెప్పుచున్నారు. వెనుకటి కథను చాలవరకు మగవాడే చెప్పెను. బండిలో అతని ప్రక్కన కూర్చున్న ఆమె ఎవరు? ఆమె పేరేమి? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని ఈ బాట వెంబడి కొంత దూరము పోవుదము.

బందరు రేవున బయలుదేరి, బెజవాడ చేరి, అక్కడనుండి వాయవ్యముగా తిరిగి, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలు దాటి తెలంగాణమున ప్రవేశించునది ఈ బాట. ఒకప్పుడు వజ్రములకు పేరుపడిన పరిటాల దీని ప్రక్కనే ఉన్నది. కీసర వద్ద మున్నేరును, జగ్గయ్యపేటకు ఆవల పాలేరును దాటవలెను. నేడు దీనిని 65వ నంబరు జాతీయ రహదారి యనుచున్నారు. చిరకాలము కృష్ణా జిల్లా మెట్టసీమగా నుండిన ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది.

పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు బందరు రేవుగ ఉండినది. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ఈ రెంటి నడుమ పలుమార్లు ప్రయాణించెను. 1676లో వెలువడిన తన యాత్రా గ్రంథమున అతడు గోలకొండ నుండి బందరుకు తిన్నని త్రోవ నూరు క్రోసులనియు, కొల్లూరు వజ్రపుగని మీదుగా పోయినచో 112 క్రోసులనియు వ్రాసెను. రత్నముల బేరగాడు గనుక తాను తరచు గని త్రోవనే పోయెడివాడనని కూడ చెప్పుకొన్నాడు. ఎడ్లబండి బాడుగ దినమునకు సుమారు ఒక రూపాయి అని లెక్క వ్రాసెను. పగటి ప్రయాణము సగము కాగానే ఎడ్లకు గోధుమపిండిని వెన్నతోను, నల్లబెల్లముతోను పిసికి ముద్దలు పెట్టెదరనియు, సాయంకాలము నలుగగొట్టి నానవేసిన సెనగలు పెట్టెదరనియు కూడ వ్రాసెను. ఎడ్లు తినిన ముద్దల లెక్క మనకు దక్కినది. ఆ దారిని పోయిన ఆడువారి ముచ్చట దక్కలేదు.

గూడుబండి ఎట్టి ఇల్లో నేటి పిల్లలకు చెప్పవలసి యున్నది. వెదురు బద్దలు వంచి, పైన చాపలు కప్పి గూడు కట్టెదరు. బండిలో వరిగడ్డి పరచి, దానిపై జంపఖానా వేసిన అది పడకటిల్లు. గడ్డి క్రింది పొర ఎడ్లకు మేత. ఇరుసు క్రింద లాంతరు వ్రేలాడును. కందెన గొట్టము ఒక ప్రక్కను, నీళ్ళకుండ వేరొక ప్రక్కను ఉండును. వంట మాత్రము బండిలో కుదరదు. చెట్టు నీడను మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ఏరి, ఏటినీరు తెచ్చి వండవలెను. కాడి విప్పుట, ఎడ్లను కడుగుట, ఇరుసుకు కందెన వేయుట మగవాని పని. పొయ్యి రాజవేయుట, బిడ్డను నిద్రపుచ్చుట, మరునాటికి పులిహోరయో పెరుగన్నమో మూటకట్టుట ఆడుదాని పని. మజిలీ కుదిరినది అన్నచో ఈ రెండు పనులును ముగిసినవని అర్థము. క్రొత్త ఊరిలో బావి ఎక్కడ నున్నదో, ఎవరి వాకిట అడిగినచో నిప్పు దొరకునో ముందుగా తెలిసికొనునది ఆమెయే. తెలియని దేశము తెలిసిన దేశముగా మారుట ఆ బావిగట్టు మీదనే మొదలగును.

ఇంతకన్న పెద్ద సంసారములు కూడ ఆ కాలపు బాటలపై నడచినవి. వేలకొలది పెరికెద్దులపై ధాన్యమును, బియ్యమును, పప్పుదినుసులను, ఉప్పును మోయు బంజారాలను గురించి తావెర్నియే వివరముగా వ్రాసెను. ఒక్కొక్క బిడారులో పదివేలు, పండ్రెండు వేలు ఎద్దులుండెడివట. ఒక్కొక్క తెగవారు ఒక్కొక్క సరకునే మోసెడివారట. వారు ఏ ఇంటను నివసింపరనియు, భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని జీవితకాలమెల్ల ఎద్దుల వెంటనే నడచెదరనియు అతడు చెప్పెను. మన మెట్టసీమలోను, ఆవలి తెలంగాణమునను తండాలలో నున్న లంబాడీల పూర్వులు ఈ తెగవారే. సముద్రపు ఉప్పు లోనాడునకు ఎక్కుటకును, లోనాటి ధాన్యము రేవునకు దిగుటకును ఇట్టివారే ఆధారము. బంజారా నాయకుని మెడలోని ముత్యాల హారమును తావెర్నియే మరువలేదు. ఎద్దు గంటల చప్పుడున బిడ్డను కని, మరునాడు మరల నడకసాగించిన తల్లి పేరు ఒక్కటియు అతని గ్రంథమున లేదు.

1889లో నిజాము రైలుమార్గము బెజవాడ చేరినది. అది మధిర మీదుగా వచ్చినది. నందిగామ, జగ్గయ్యపేటలు దానికి దూరముగా రోడ్డు పట్టణములుగనే మిగిలిపోయినవి. ఎక్కడెక్కడ రైలు వచ్చెనో అక్కడ పెరికెద్దుల బ్రతుకుతెరువు తరిగిపోయినది. రోడ్డు మీద బండ్లు మాత్రము చాల కాలము సాగినవి. తరువాత బస్సులును, లారీలును వచ్చినవి.

ఇక మన ప్రశ్నకు సమాధానము కాగితము మీద దొరకకున్నను, రాతి మీద దొరకినది. జగ్గయ్యపేట చెంత ధనముబోడు అను గుట్టపై బౌద్ధస్తూపము కలదు. 1882లో జేమ్స్ బర్జెస్ అను పండితుడు దీనిని పరిశోధించెను. సుప్రసిద్ధమైన మాంధాత చక్రవర్తి శిల్పఫలకము ఇక్కడ లభించినదే. ఈ స్తూపము చెంత దొరకిన ఆయక స్తంభములపై బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనము కలదు. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలనా సంవత్సరమున, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దమున, ఇది చెక్కబడినది. దానము చేసినవాడు రాజు కాడు, సేనాని కాడు. సిద్ధార్థుడను పనివాడు. కమ్మకరాష్ట్రమందలి నడతూరు గ్రామమునకు చెందిన నాగచంద్రుడను పనివాని కుమారుడు. సిద్ధార్థుడు నివసించినది మహాకాండూరూరు. దానము చేసినది వెలగిరి గ్రామమున, మహాచైత్యపు తూర్పు వాకిట. తండ్రిది ఒక ఊరు, కాపురము వేరొక ఊరు, దానము మూడవ ఊరు. ఒక్క శాసనములో మూడు ఊళ్ళు! కమ్మకరాష్ట్రము కృష్ణకు దక్షిణపు సీమ యని పండితుల అభిప్రాయము. అట్లయినచో ఈ కుటుంబము పెద్ద ఏరు దాటి వచ్చినదే.

అంతకన్న ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. సిద్ధార్థుడు తన పేరొక్కటే చెక్కించి ఊరకుండలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక, తమ్ముడు బుధినకుడు, అతని భార్య కనిక - అందరి పేర్లును చెక్కించెను. వీరందరితో కూడి, లోకమునకెల్ల హితమును సుఖమును కోరి, అయిదు స్తంభములు నిలిపితినని చెప్పుకొన్నాడు. ఉలి పట్టి బ్రతికిన సంసారమునకు అయిదు స్తంభములు చిన్న దానము కాదు. సుమారు పదునేడు వందల ఏండ్ల తరువాత వచ్చి చదివిన మనకు సముదని యను ఇల్లాలు పేరుతో సహా ఎదురగుచున్నది.

ఈ సీమ ఆలుమగలను వేరు విధములుగ కూడ జ్ఞాపకముంచుకొన్నది. బేతవోలు అను ఊరికి వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేట యని పేరుపెట్టెను. కృష్ణకు ఆవలి గట్టున తల్లి అచ్చమ్మ పేరిట అచ్చంపేట వెలసినది. తండ్రి ఈ గట్టున, తల్లి ఆ గట్టున, నడుమ కృష్ణ. ఊరి పేరు పలికిన ప్రతివాడును తెలియకయే ఆ దంపతులను తలచుచున్నాడు.

మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో వెలసిన తిరుపతమ్మ, గోపయ్యల కథ మరియొకటి. గోపయ్య ఆలమందలు కాచినవాడు. మందతో అడవికి పోయి పులి వాతబడినాడని జనులు చెప్పుకొందురు. ఆ దంపతుల కొయ్య విగ్రహములను రెండేండ్ల కొకమారు రంగులు వేయించుటకు జగ్గయ్యపేటకు తెచ్చెదరు. పని ముగిసిన వెనుక ఊరేగింపుగా మరల తోడ్కొనిపోయెదరు. బ్రతికి యున్నప్పుడు ఒంటరిగా అడవికి పోయి తిరిగిరాని గోపయ్య ఇప్పుడు భార్యతో కలిసి పోవుచున్నాడు, ఆమెతోనే ఇల్లు చేరుచున్నాడు. దారి పొడవునను జనము ఎదురువచ్చి దర్శించుచుండ ఆ ఇరువురును ఊళ్ళు దాటెదరు. మన పెండ్లిలో వరుడు గొడుగు పట్టి కాశీకి ఒంటరిగా బయలుదేరుటయు, బావమరది బ్రతిమాలి వెనుకకు మరల్చుటయు వేడుకగా చూచెదము. ఒంటరి ప్రయాణము కన్న జోడు ప్రయాణమే మేలను మాట ఆ వేడుకలోను ఇమిడి యున్నది.

ప్రయాణము చేసిన స్త్రీ తన కథను తానే వ్రాసిన ఉదాహరణము తెలుగువారిలోను కలదు. పోతం జానకమ్మ యను వనిత ఇంగ్లండు చూచి వచ్చి తెలుగులో వ్రాసిన యాత్రా విశేషములు 1876లో మద్రాసున ఇంగ్లీషు గ్రంథముగా వెలువడినవి. తెలియని దేశమును ఒక తెలుగు ఇల్లాలి కన్నులతో చూచుటకు అట్లు వీలు కలిగినది.

నేడు బెజవాడ నుండి హైదరాబాదుకు కొన్ని గంటల ప్రయాణము. అయినను ఏళ్ళు మాత్రము మునుపటివే. 2023 జూలైలో మున్నేటి వరద ఐతవరము వద్ద రహదారిపైకి వచ్చినప్పుడు వాహనములు బారులు తీరి నిలిచిపోయినవి. ఏరు తీయువరకు గట్టున వేచియుండిన గూడుబండ్ల కాలమును ఆ దినము అందరికి కొంతసేపు అనుభవమునకు తెచ్చినది.

మన ఇండ్లలో ఎద్దుబండిపై తిరునాళ్ళకును, పుట్టింటికిని, పుణ్యక్షేత్రములకును పోయిన వృద్ధురాండ్రు ఇంకను కొందరున్నారు. ఏ యేటి ఒడ్డున బండి విప్పిరి, ఏమి వండిరి, ఎవరి వాకిట నిప్పు దొరకినది యని వారిని అడిగి వ్రాసి యుంచుట మన పని. ముందుగా వారి పేరు వ్రాయవలెను. ఉలితో చెక్కవలసిన సిద్ధార్థుడే ఆ పని చేసినాడు. కలము గల మనకు అది కష్టము కాదు.