దొంగ చెక్కు కేసులలో శిక్షపై అప్పీలు

మరొకరి పేరు, గుర్తింపు పత్రాలు వాడుకొని, వారి సంతకం ఫోర్జరీ చేసి చెక్కు మార్చుకొనడం భారతదేశంలో శిక్షార్హమైన నేరము. ఇటువంటి కేసులో క్రింది కోర్టు విధించిన శిక్షను పై కోర్టులో ప్రశ్నించుటే అప్పీలు. ఖాతాలో సొమ్ము లేక తిరిగివచ్చిన చెక్కు వేరు, దొంగ చెక్కు వేరు. మొదటిది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను క్రిందికి వస్తుంది. ఈ రెంటినీ కలగలిపి చెప్పుకొనడం చాలామందికి అలవాటు.

నేరం, సెక్షన్లు

2024 జూన్ 30 వరకు జరిగిన నేరాలకు భారత శిక్షాస్మృతి 467 (విలువైన పత్రం ఫోర్జరీ), 471 (దానిని నిజమైనదిగా వాడుట), 419 (మరొకరిగా నటించి మోసగించుట), 420 సెక్షన్లు వర్తిస్తాయి. ఆ తరువాతి నేరాలకు భారతీయ న్యాయ సంహితలోని 338, 340, 319, 318 సెక్షన్లు. ఇతరుల పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం దుర్వినియోగం చేస్తే సమాచార సాంకేతిక చట్టం 66సి క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇది 2009 అక్టోబరు 27 నుండి అమలులో ఉన్నది.

467కు గరిష్ఠ శిక్ష యావజ్జీవం. అయితే మొదటి తరగతి మేజిస్ట్రేటు 3 సంవత్సరాలకు మించి జైలు శిక్ష వేయలేరు.

ఎక్కడ, ఎప్పటిలోగా

హైదరాబాదులోని కృష్ణానగర్ సినీ కార్మికులు, జూనియర్ ఆర్టిస్టులు నివసించే పేట. వేషం కోసం ఫోటోలు, గుర్తింపు పత్రాల నకళ్ళు ఎవరెవరి చేతుల్లోనో పెట్టవలసి వచ్చే వారికి ఈ విషయం దూరమైనదేమీ కాదు. అక్కడి కేసులో నాంపల్లి మేజిస్ట్రేటు కోర్టు శిక్ష వేసిందనుకొందాం. అప్పీలు సెషన్సు కోర్టుకు, 30 రోజులలోగా చేయాలి. సెషన్సు కోర్టే విచారించి శిక్షిస్తే, లేదా శిక్ష 7 సంవత్సరాలు మించితే, మూసీ ఒడ్డునున్న హైకోర్టుకు 60 రోజులలోగా వెళ్ళాలి. తీర్పు ధ్రువీకృత నకలు కోసం పట్టిన కాలాన్ని ఈ గడువులో లెక్కించరు. జైలు శిక్ష పడినవారికి తీర్పు నకలు ఉచితం.

శిక్ష 3 సంవత్సరాలకు మించక, ముద్దాయి అప్పటికే బెయిలుపై ఉంటే, ప్రత్యేక కారణాలు లేనంతవరకు, అప్పీలు వేసుకొనేందుకు శిక్ష విధించిన కోర్టే విడుదల చేస్తుంది. జైలులో ఉన్నవారు సూపరింటెండెంటు ద్వారా అర్జీ పంపవచ్చును. ఆదాయంతో నిమిత్తం లేకుండా వీరికి 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ సంగతి తెలియక గడువు దాటబెట్టుకొనేవారున్నారు; సరైన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు.

వాదనలు

ఇటువంటి అప్పీళ్ళలో అసలు పేచీ సంతకం వద్దనే. చేతివ్రాత నిపుణుని అభిప్రాయం ఒక్కదానిపై శిక్ష వేయరాదన్న నియమం లేదనీ, అయితే జాగ్రత్తగా పరిశీలించాలనీ సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. దొంగ పత్రాన్ని తయారుచేసినవారినే ఫోర్జరీకి శిక్షించగలరని 2018లో తీర్పిచ్చింది. కనుక ఎవరో ఇచ్చిన చెక్కును బ్యాంకులో వేసిన వ్యక్తికి అది దొంగదని తెలుసునా లేదా అన్నది ప్రాసిక్యూషన్ నిరూపించాలి.

నేరం ఒప్పుకొన్నవారు శిక్ష పరిమాణం, చట్టబద్ధత గురించి మాత్రమే అప్పీలు చేయగలరు. ముద్దాయి వేసిన అప్పీలులో శిక్ష పెంచరు. పెంచమని ప్రభుత్వం విడిగా కోరవచ్చు. యావజ్జీవం పడదగిన నేరాలకు 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షను వర్తించదు. అందుచేత 467, 471 కొట్టివేయబడి 420 మాత్రమే మిగిలినా ముద్దాయికి అది పెద్ద ఊరట.

ఖాతాదారు సొమ్ము

అప్పీలు ఫలితంతో పనిలేకుండా, ఫోర్జరీ చెక్కుపై చెల్లించిన సొమ్మును బ్యాంకు ఖాతాదారు లెక్కలో వ్రాయరాదని కెనరా బ్యాంకు కేసులో 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021 జనవరి 1 నుండి 50,000 రూపాయలు, ఆపై చెక్కుల వివరాలను ఖాతాదారు ముందుగా తెలిపే పాజిటివ్ పే విధానం అమలులోకి వచ్చింది.