లావెల్ దొర బంగారు కాగితం

కోలారు బంగారు గనులు మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. అంటే పాతికేళ్ల మాట. కర్ణాటక గనుల సంగతి చిత్తూరు జిల్లా గంగవరం వాడికెందుకని అడక్కండి. పలమనేరు దాటి నంగలి చెక్‌పోస్టు అవతల అడుగుపెడితే కోలారు జిల్లాయే. కుప్పానికైతే మరీ పొరుగు. దొరల కాలంలో మన ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి ఆ సొరంగాల్లోకి దిగినవాళ్లకు లెక్కలేదు.

ఈ నేలను బాణులు, గంగులు, చోళులు, విజయనగర రాయలు, పుంగనూరు పాలెగాళ్లు, హైదర్, టిప్పు వరసగా ఏలారు. వెయ్యేళ్లను ఒక్క వాక్యంలో దాటేశానని పండితులు కోప్పడకూడదు. నా మనసంతా రెండు ఎద్దుబండ్ల మీద ఉంది.

మొదటిది మట్టి బండి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కుంపిణీ వాళ్లు మైసూరు సరిహద్దులు కొలవాల్సి వచ్చింది. ఆ పని మీద 1802లో ఇటువైపు వచ్చినవాడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. ఇక్కడి మట్టిలో బంగారం ఉందని ఊళ్లో చెప్పుకునేది విని, చూపినవాళ్లకు బహుమతి ఇస్తానన్నాడు. ఊరివాళ్లు బండెడు మట్టి తోలుకొచ్చి అతని ఎదుటే నీళ్లలో కడిగారు. అడుగున పసుపు పొడి మెరిసింది. దొర ‘కనిపెట్టాడని’ పుస్తకాలు రాసుకున్న బంగారం ఇదే. కడిగినవాళ్లకు అది తాతల నాటి విద్య.

వారెన్ రాసిన నాలుగు పేజీల వ్యాసం 1804లో అచ్చయింది. అరవై ఏళ్లకు పైగా దుమ్ము తిన్నాక దాన్ని చదివినవాడు మైకేల్ ఫిట్జెరాల్డ్ లావెల్. ఐర్లండ్ సిపాయి. న్యూజీలాండులో మావోరీల మీద జరిగిన యుద్ధంలో పనిచేసి వచ్చి బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడ్డాడు. పింఛను తీసుకుంటూ సాయంత్రాలు క్లబ్బులో గడిపితే ఎవరూ కాదనేవారు కాదు. న్యూజీలాండులో చూసిన బంగారం తవ్వకాలు మాత్రం బుర్రలోంచి పోలేదు.

1871లో రెండో బండి కదిలింది. బెంగళూరు నుంచి కోలారుకు అరవై మైళ్లు, ఎద్దుల నడక. ఆ దారిన ఇప్పుడు పోతూ హోటల్ దగ్గర కాఫీకి ఆగినప్పుడల్లా నాకు ఆ బండే గుర్తొస్తుంది. ఎండలో దుమ్ము మింగుతూ రాళ్లు ఏరుకునే తెల్లవాణ్ణి చూసి పల్లెవాళ్లు ఏమనుకుని ఉంటారు? పిచ్చిదొర అనే అనుకుని ఉంటారు. రెండేళ్ల పాటు అక్కడక్కడా తవ్వి చూశాడు. జాడలు దొరికాయి.

అక్కడి నుంచి దొరలో రాజకీయుడు నిద్రలేచాడు. ఎన్నికల్లో నిలబడలేదు, సభలో కూర్చోలేదు. కానీ కచేరీల చుట్టూ తిరగడంలో ఇప్పటి మన నాయకులకేమీ తీసిపోడు. 1873లో మైసూరు సర్కారుకు దరఖాస్తు పెట్టాడు. బంగారం వట్టి మాటని నమ్మిన అధికారులు బొగ్గు తవ్వుకోమన్నారు. లావెల్ పట్టు వదల్లేదు. దొరికితే సర్కారుకు లాభం, దొరక్కపోతే నష్టం తనది. ఇదీ అతని బేరం. ఇలాంటి బేరానికి ఏ సర్కారు కాదంటుంది? 1875 ఫిబ్రవరి 2న ఇరవై ఏళ్ల హక్కు కాగితం చేతికొచ్చింది.

తీరా ఊరిగాం దగ్గర తవ్వడం మొదలెట్టాక తెలిసింది, బంగారం తియ్యాలంటే ముందు బంగారం ఉండాలని. డబ్బు అయిపోయింది. 1877లో హక్కులను బెరెస్‌ఫర్డ్ అనే సైనికాధికారి, అతని మిత్రుల బృందానికి అప్పగించాడు. నా లెక్కలో లావెల్ అసలు వ్యాపారం ఇదే. అతను అమ్మింది లోహం కాదు, కాగితం.

1880లో లండన్ నుంచి జాన్ టేలర్ కంపెనీ దిగింది. వాటాదారులు చేతులెత్తేయబోతున్న సమయంలో ఛాంపియన్ అనే బంగారు పొర తగిలింది. 1902లో శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. బెంగళూరు వీధి దీపాలు వెలగడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. సొరంగాలు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. మొత్తం సుమారు 800 టన్నుల బంగారం తీశారని లెక్క.

ఆ తర్వాత కథ నా చేతికి చిక్కదు. 1956లో జాతీయం చేశారు. 1965లో ఆ చీకట్లోనే శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టారు. పైన సైనైడ్ కలిసిన గని వ్యర్థాల దిబ్బలు కొండలయ్యాయి. బంగారం తియ్యడానికయ్యే ఖర్చు బంగారం ధరను మించింది, తాళం పడింది. ఆ తర్వాత యశ్ ‘కేజీఎఫ్’ సినిమా వచ్చి, గనిని ఎన్నడూ చూడని పిల్లలకూ కోలారు గనుల ఆ పొట్టిపేరు నోటికొచ్చేసింది. కుప్పం పక్కనున్న చిగురుగుంట గని కూడా ఆగిపోయి, వేలం దాకా వచ్చి ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ పేరు వినిపించింది. కోలారు గనుల దగ్గరి మారికుప్పం నుంచి తెల్లారుజామున బయల్దేరే రైలు ఇప్పుడు గని కార్మికుల పిల్లల్ని బెంగళూరు కూలికి మోసుకుపోతోంది.

లావెల్ పేరు ఆ బెంగళూరులోనే ఖరీదైన రోడ్డుకుంది. మట్టి బండి తోలినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. గంగవరం, కుప్పం, పుంగనూరు వైపు మీ ఇళ్లలో తాతల నాటి గని కాగితమో, ఫొటోనో ఉంటే పాత సామానులోకి వెయ్యకండి. వెనక పేరూ ఊరూ రాసి ఉంచండి.