దంతవైద్య శిక్షణ సిమ్యులేటర్లు

రోగి నోట్లో చెయ్యి పెట్టకముందే పన్ను తొలిచే పని, పూడ్చే పని సాధన చేయడానికి దంతవైద్య విద్యార్థులు వాడే పరికరాలు. వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. ప్లాస్టిక్ పళ్లు బిగించిన ఫాంటమ్ హెడ్ ఒకటి. తెర మీద పన్నును చూపిస్తూ దాని గట్టిదనాన్ని చేతికి తెలియజేసే వర్చువల్ సిమ్యులేటర్ రెండోది.

తొలి దశ

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో తొలి దంతవైద్య కళాశాల వెలిసేదాకా ఈ విద్య ఎక్కువగా గురువు పక్కన నిలబడి నేర్చుకున్నదే. 1894లో ఆస్వాల్డ్ ఫెర్గస్ లోహపు కడ్డీకి రెండు దవడలు అమర్చి తొలి ఫాంటమ్ హెడ్‌ను తయారుచేశాడు. 1957లో ఎయిరోటర్ వచ్చింది. నిమిషానికి సుమారు 3 లక్షల చుట్లు తిరిగే డ్రిల్లు అది. చెయ్యి అర మిల్లీమీటరు జారినా పన్ను పాడయ్యేంత వేగం. దాంతో ముందస్తు సాధన తప్పనిసరైంది.

బొంబాయి, హైదరాబాదు

భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించాడు. బొంబాయిలో నాయర్ ఆసుపత్రి దంతవైద్య కళాశాల 1933లో మొదలైంది. ఇప్పుడు నగరపాలక సంస్థ నడుపుతున్న ఈ కళాశాల ముంబయి సెంట్రల్‌లో, కామాఠీపురాకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. నిజాం రాజ్యం నుంచి కట్టడపు పనులకు వలస వచ్చిన తెలుగు కామాఠీల పేరే ఆ పేటకు స్థిరపడింది. ఖరీదైన క్లినిక్కులకు వెళ్లలేని, చాల్ అనే ఇరుకు గదుల బస్తీల్లో ఉండే కుటుంబాలకు ఇలాంటి బోధనాసుపత్రులే ఆధారం. విద్యార్థి చెయ్యి తిరిగేదీ ఇలాంటి రోగుల దగ్గరే. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959 నాటిది.

దంతవైద్య డిగ్రీ కోర్సు బీడీఎస్‌లో మొదటి ఏడాది మైనపు దిమ్మలను చెక్కి పళ్ల ఆకారాలు తీయిస్తారు. ఆ తరువాత ఫాంటమ్ హెడ్ మీద కేవిటీలు కోయిస్తారు. ఉంగరపు వేలిని పక్క పన్ను మీద ఆనించి చెయ్యి నిలపడం, పై దవడ పళ్లను చిన్న అద్దంలో చూస్తూ డ్రిల్లు నడపడం ఇక్కడి తొలి పాఠాలు. అద్దంలో దిశలు తారుమారవుతాయి కనుక మొదట్లో డ్రిల్లు అనుకున్న వైపు పోదు.

వర్చువల్ దశ

వర్చువల్ సిమ్యులేటర్ల రంగం 1990 దశకంలో వేగం పుంజుకుంది. 1994లో ఎంఐటీకి చెందిన థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ స్పర్శానుభూతినిచ్చే, ఫాంటమ్ అనే పేరున్న (ఫాంటమ్ హెడ్ కాదు) యంత్రాన్ని ప్రకటించారు. పెన్ను లాంటి దాని పిడిని మోటార్లు వెనక్కి నెడుతూ, లేని వస్తువును ముట్టుకున్న అనుభూతి కలిగిస్తాయి. ఆ దశకం చివర ఇజ్రాయెల్‌కు చెందిన డెన్‌ఎక్స్ సంస్థ డెంట్‌సిమ్‌ను తెచ్చింది. ఇందులో పన్ను ప్లాస్టిక్‌దే. డ్రిల్లు కదలికలను కెమెరాలు పసిగట్టి కోత ఎక్కడ లోతైందో వెంటనే తెర మీద చూపుతాయి. చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చిగుళ్ల పరీక్ష కోసం పెరియోసిమ్‌ను రూపొందించింది. లండన్ కింగ్స్ కాలేజీలో హ్యాప్‌టెల్ అనే స్పర్శ సిమ్యులేటర్ ప్రాజెక్టు 2007లో మొదలైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆక్టా దంతవైద్య కళాశాలతో కలిసి మూగ్ సంస్థ 2010 ప్రాంతంలో సిమోడాంట్‌ను తెచ్చింది. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకున్న విద్యార్థికి ఇందులో ఎనామెల్ గట్టిగానూ, పుచ్చిన భాగం మెత్తగానూ చేతికి తగులుతాయి. వీటన్నిటిలోకీ ఇదే చక్కగా కుదిరిన యంత్రం.

ప్రయోజనాలు, పరిమితులు

ప్లాస్టిక్ పన్ను ఒకసారి కోస్తే దాని పని అయిపోయినట్టే. వర్చువల్ పన్నును ఎన్నిసార్లయినా మళ్లీ మొదటి నుంచి కోయవచ్చు. తప్పు ఎంత లోతో యంత్రమే కొలిచి చెబుతుంది. అయితే కదిలే నాలుక, ఊరే లాలాజలం, భయపడే రోగి యంత్రంలో సరిగా ఒదగవు. వర్చువల్ సాధన ఫాంటమ్ హెడ్‌కు తోడే గాని బదులు కాదన్నది పరిశోధకులలో ఎక్కువ మంది అభిప్రాయం. ధర మూలంగా భారత్‌లో వర్చువల్ సిమ్యులేటర్లు కొద్ది కళాశాలలకే పరిమితమయ్యాయి; మిగిలిన చోట్ల ఫాంటమ్ హెడ్డే ప్రధాన సాధనం. ఏ పద్ధతిలోనైనా సాధన కొరవడిన చేతి మూల్యం ముందుగా చెల్లించేది బోధనాసుపత్రి వరసలో నిలబడ్డ పేద రోగే.